పూలదండ చాటున చిలుక

ఆదివారాలు అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల పక్కన అప్పుడప్పుడు ఇనుప బొమ్మ లారీలు దొరుకుతాయి. చక్రం ఊడినవి, రంగు పెచ్చులు లేచినవి. వాటిని తెచ్చి, పాత రంగు గీకి, వంగిన ఇరుసు సరిచేసి, రోడ్డు మీది లారీలా తయారుచేయడం నాకు అలవాటు. పగలు స్టిక్కర్లు ప్రింటు చేసే షాపులో ఉద్యోగం, సాయంత్రం ఈ పని.

నాంపల్లిలో మేం కిరాయికున్న ఇంటి కింది పోర్షన్‌లో ఒక లారీ డ్రైవర్, ఆయన భార్య ఉంటారు. ఘాట్ రోడ్డు మీద బ్రేకులు పడక ఆయన లారీ లోయలో పడింది. దూకి బతికాడు. విరిగిన కాలు అతుక్కుంది గానీ మనిషి బయటికి రావడం మానేశాడు. వీధిలో లారీ హారన్ వినిపిస్తే లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయేవాడు.

ఒకరోజు ఆయన భార్య పైకి వచ్చి తన ఫోన్‌లో ఫొటో చూపించింది. దసరా పూజ నాటి లారీ.

"తమ్మీ, అచ్చం గిట్లాంటి బొమ్మ చేసిస్తవా? ఆయనకిస్త."

"అది చూసి ఇంకా బాధపడితే ఎట్లక్కా?"

"నాకూ గదే ఫికర్. గానీ లారీ మాటెత్తితే గోడ దిక్కు తిరుగుతున్నడు. ఎన్నొద్దులు గిట్ల?"

కాదనలేకపోయాను. బండికి నారింజ రంగు కొట్టడం వరకు ధైర్యంగానే చేశాను. రాతలు, బొమ్మల దగ్గర భయం పట్టుకుంది. వాటిని పల్చటి ఫిల్మ్ మీద ప్రింటు చేసి, నీళ్లలో నానబెట్టి, తడి కుంచెతో బండి మీదికి జార్చాలి. గాలికి ముడుచుకుంటుందని ఫ్యాన్ ఆపేసి కూర్చునేవాణ్ణి. ఫొటోలో లారీ వెనక తలుపు మీద 'అమ్మ దీవెన' అని ఉంది. దానికి ఎడమ పక్క చిలుక. కుడి పక్కను బంతిపూల దండ కప్పేసింది. అక్కనడిగితే గుర్తులేదంది. అటూ చిలుకే ఉంటుందనుకుని అదే బొమ్మను తిప్పి వేశాను. వేశానన్న మాటే గానీ, ఆ మూలనే మళ్లీ మళ్లీ ఫొటోతో పోల్చి చూసుకున్నాను.

అక్క వచ్చి బండి తీసుకుని కిందికి వెళ్లింది. నేను మెట్ల దగ్గర చెవి ఒగ్గి నిలబడ్డాను. చాలాసేపటికి మెట్ల మీద కుంటి అడుగుల చప్పుడు. ఆయనే, చేతిలో లారీతో. వెనక అక్క.

స్టూలు మీద కూర్చుని బండిని వెనక్కి తిప్పాడు.

"గీ చిలుక తప్పు తమ్మీ."

"దండ అడ్డమొచ్చిందన్నా. తెలువలేదు."

"గాడ నెమలుండె. ఒక దిక్కు చిలుకేసి పెయింటర్ ఊరికి పోయిండు. ఇంకొకడొచ్చి నాకు నెమలే వస్తదన్నడు. కానీ తియ్ అని నేనే అన్న."

చక్రాన్ని వేలితో తిప్పుతూ ఉండిపోయాడు. బండి విసిరేస్తాడేమోనని నా చూపు ఆయన చేతుల మీదే ఉంది.

"ఘాట్ దిగుట్ల బ్రేకు పెడల్ కిందికి పోయింది, మల్ల పైకి రాలె" అన్నాడు నెమ్మదిగా. "ముందట స్కూటర్ మీద మొగుడు పెండ్లాలు. నడుమల చిన్న పోరి. హారన్ కొట్టిన, ఇనలె. స్టీరింగ్ లోయ దిక్కు తిప్పి దునికిన."

అక్క గుమ్మం పట్టుకుంది. "గీ ముచ్చట నాకెందుకు చెప్పలె?"

"ఏం చెప్పాలె? వాళ్లు ఎన్కకు తిరిగి గూడ సూడలె."

అక్క వెళ్లి ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

మర్నాడు సాయంత్రం ఆయనే పైకి వచ్చాడు. తోక ఎలా వంగాలో, మెడ ఎటు తిరగాలో చెబుతుంటే కంప్యూటర్‌లో నెమలి గీశాను. చిలుకను టేపుతో లేపి, ఆ చోట నెమలిని జారుస్తుంటే తోక చివర మడత పడింది. సరిచేయబోతే చిరిగేలా ఉంది.

"ఉండనీ, ముట్టకు" అన్నాడాయన.

ఆయన మళ్లీ లారీ నడపలేదు. ఒక ట్రాన్స్‌పోర్ట్ గోదాంలో సరుకు దింపించే పనిలో చేరాడు. సాయంత్రం మొజంజాహీ మార్కెట్ మీదుగా పండ్లు కొనుక్కుని నడిచి వస్తాడు. రావడం కాస్త ఆలస్యమైతే అక్క గేటు దగ్గరికి వెళ్లి నిలబడుతుంది. నేనూ కుంచె పక్కన పెట్టి, కిటికీలోంచి రోడ్డు చివరిదాకా చూస్తాను.