కాకి లేని గడ్డ మీద నాయినకు విస్తరి

మా నాయిన పోయాక నేను చేసిన మొదటి ఘనకార్యం ఆయన్ని ఆకలితో కూర్చోబెట్టడం. నవ్వండి, ఏం ఫరవాలేదు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు గనుక ఆ పని మీకే మిగిలింది.

అప్పటికి రాయచూరు పక్క కరెంటు ఫ్యాక్టరీలో కొత్తగా గుమాస్తానయ్యాను. కొత్త జీతం కదా, అన్నీ తెలిసినవాడిలా మాట్లాడేవాణ్ణి. నాయినకు పిట్టకు పెట్టే రోజు వచ్చింది. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి బయట పెట్టాలి. కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లు అన్నం తినరు. ముట్టలేదా, పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిపోయినట్టే.

"ఏటి ఒడ్డున పెడదాం రా" అన్నాడు చిన్నాయన.

"ఒడ్డున ఏమున్నది చిన్నాయనా, ఫ్యాక్టరీ బూడిద తప్ప! కృష్ణ నడుమ గడ్డ ఉన్నది. రెండు గుడిసెలు, ఒక గుడి, గంతే. జనం లేరు, లొల్లి లేదు. నాయిన నిమ్మళంగ తింటడు."

అమ్మ వడ్డించాల్సినవన్నీ మూట కట్టింది. మా చెల్లెలు సరోజ తనకు నచ్చినవాణ్ణి చేసుకుని వెళ్లిపోయినప్పటి నుంచి ఆమె మాటలు తగ్గిపోయాయి. "అది నాకు సచ్చింది" అన్నాడు నాయిన. ఆయన పోయినప్పుడు కూడా సరోజకు కబురు వెళ్లలేదు. చిన్నాయన వెళ్లనివ్వలేదు.

బుట్టలాంటి పుట్టి పడవ ఎక్కి గడ్డ మీద దిగాం. గుడిసెలకు తాళాలు. జొన్నరొట్టె, వంకాయ కూర, మిరపకాయ బజ్జీ, బొరుగుల మండక్కి, గ్లాసెడు చాయ వడ్డించి దూరంగా కూర్చున్నాం. ఎండ నెత్తి మీదికి వచ్చింది.

"ఏందిరా, ఒక్క కాకి గూడ లేదు?"

"వస్తయి చిన్నాయనా. జర ఆగు."

ఒక కొంగ వచ్చింది. పిలవని పెళ్లికి వచ్చినట్టు బజ్జీని దూరం నుంచే చూసి వెళ్లిపోయింది. నేను లేచి, చేతులు ఊపుతూ గొంతు పోయేలా కావు కావుమన్నాను. గుమాస్తా ఉద్యోగానికి ఆ పరీక్ష పెట్టి ఉంటే మొదటి ర్యాంకు నాదే.

"మనుషులే లేని తావుల కాకులెక్కడియిరా, బేవకూఫ్! నాలుగు మెతుకులు పారేసేటోళ్లుంటేనే గద అవి ఉండేది!" అన్నాడు చిన్నాయన.

నా తెలివి అక్కడ తెల్లారింది. అమ్మకు మాత్రం ఆ లెక్క పట్టలేదు.

"ఆయనకు కోరికున్నది. అందుకే వస్తలేడు" అంది.

నిన్నటి నుంచి ఆమె ఏమీ తినలేదు. పెదవులు ఎండిపోయాయి. నాయిన వెనకే ఈమె కూడా పోతుందేమోనని నాకు భయమేసింది. విస్తరి ముందు మొక్కులు మొదలుపెట్టాను.

"నాయినా, నీ దుకాణం అమ్మను! బీడీ ముట్టను!"

కాకి లేదు.

"అన్నా, నీ సైకిలు వాపస్ ఇస్త!" అన్నాడు చిన్నాయన. పోయిందని నాయిన ఊరంతా వెతికిన సైకిలు ఎవరింట్లో ఉందో నాకు అప్పుడే తెలిసింది.

పుట్టివాడు ఒడ్డు నుంచి కేకేశాడు. "జల్దీ రాండ్రి! డ్యాం నీళ్లు ఇడిసినరు, ఏరు ఎక్కుతున్నది!"

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "సరోజ సంగతి చెప్పు."

"వదినే! అన్న సచ్చేదాంక దాని పేరెత్తనియ్యలే!" అన్నాడు చిన్నాయన.

"అందుకే చెప్పమంటున్న."

నేను మోకాళ్ల మీద పడ్డాను. "నాయినా, రేపే సరోజను ఇంటికి తోలుకొస్త!"

ఆకాశం ఖాళీగా ఉంది. అమ్మ లేచి విస్తరి ముందు కూర్చుంది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది.

"అమ్మా! ఇంకా కాకి ముట్టలే!"

"కాకి ఇనకపోతే ఏందిరా? నేను ఇన్న గద."

చిన్నాయన తనూ ఒక బజ్జీ తీసుకున్నాడు. మరునాడు నేను తీసుకొచ్చిన సరోజ గుమ్మంలో కూలబడి ఏడ్చిన ఏడుపుకు మా వీధి కాకులన్నీ లేచాయి.

కనుక మహాజనులారా, కృష్ణమ్మ మీద ఒట్టు పెట్టి ప్రమాణం చేస్తున్నాను: మనుషులు లేని చోట ఇక ఎవరికీ విస్తరి వేయను. ఒకవేళ వేసినా, అమ్మ వినేంత దూరంలో నోరు విప్పను.