అమ్మవారి పాదాల అప్పడాలు

పెళ్లి పందిట్లో పంక్తి నిండా కూర్చున్న చుట్టాలను, ఎదురుగా నెయ్యి వేసిన పప్పన్నం ఘుమఘుమలాడుతుండగా, తిననూ లేక లేవనూ లేక బొమ్మల్లా కూర్చోబెట్టిన ఘనత ఈ జిల్లాలో నా ఒక్కదానిదే అనుకుంటాను. ఆ పని కూడా భక్తితోనే చేశాను. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. నవ్వితే మా దగ్గర ఏం శిక్ష పడేదో కాస్త ఆగితే మీకే తెలుస్తుంది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో, జమ్మలమడుగులో మా ఓబులమ్మక్క ఒక అద్దె ఇంట్లో ఆడవాళ్ల అప్పడాల సంఘం పెట్టింది. నన్నూ పిలిచి పీట వేసింది. నేను బడి ముఖం చూడలేదు. మా నాయన ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించి, పురాణం చదవడం నేర్పాడు. అందువల్ల సంఘంలో నన్ను మించిన పండితురాలు లేదని నా నమ్మకం. పిండి ముద్దను రోకటితో దంచుతూ కూడా పురాణం చెప్పేదాన్ని. పాపం, రోకలి శబ్దంలో ఎవరికీ వినపడేది కాదు. వాళ్ల అదృష్టం.

ఓబులమ్మక్కది విచిత్రమైన పద్ధతి. శుక్రవారం పని ముగిశాక అందరినీ చుట్టూ కూర్చోబెట్టి, "ఎవురన్నా కొత్త మాట తెచ్చినారామ్మే?" అని అడిగేది. పని సులువయ్యే మాటో, సరుకు బాగుపడే మాటో, ఏదో ఒకటి చెప్పాలి. ఎంత వెర్రిదైనా సరే. "నవ్వినోళ్లు ఆ పొద్దు గిన్నెలన్నీ కడగల్ల" అనేది ఆమె పెట్టిన చట్టం. మినప్పిండి ఎండి పట్టుకున్న గిన్నెలు ఎప్పుడైనా తోమారా మీరు? తోమితే ఆ చట్టం బలం తెలుస్తుంది. మేమంతా పెదవులు కొరుక్కుని కూర్చునేవాళ్లం.

ఒక వారం ఖాసింబీ, "అక్కా, పాత వాయిల్ చీరలు కప్పి ఎండబెడితే కాకులు రావు గదా?" అంది. కప్పాం. కాకులు మిద్దె చుట్టూ తిరిగి, తిట్టుకుంటూ వెళ్లిపోయాయి. వీధి వీధంతా ఖాసింబీని మెచ్చుకుంది. నాకు నిద్ర పట్టలేదు. నాకంటే చిన్నపిల్ల కాకులను గెలిస్తే, ఇన్ని పురాణాలు చదివిన నేను ఒక్క మాటైనా తేకపోతే ఎట్లా!

నా పంట పండింది. ప్రొద్దుటూరు అంగళ్లలో ఎవరో తమ పెళుసు అప్పడాలను మా సంఘం పేరు చెప్పి అమ్ముతున్నారని తెలిసింది. "చూడగానే ఇవి మనవని తెలియల్ల. ఏం చేద్దాం?" అంది అక్క.

"అప్పడం అప్పడానికీ అమ్మవారి పాదాలు అచ్చు వేద్దాం అక్కా!" అన్నాను. "గుర్తుకు గుర్తు, శుభానికి శుభం."

ఎవరూ నవ్వలేదు. అందరూ చేతులు జోడించారు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. అప్పడం అంటే నోట్లో నీళ్లూరాలి గానీ చేతులు జోడించబుద్ధి కాకూడదు కదా!

ఖాసింబీ ఒక్కతే, "బాగుండాది గానీ అక్కా, దాన్ని ఎట్ల కొరుకుతారు?" అంది.

"పండ్లతో!" అన్నాను, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

ఓబులమ్మక్క నా ముఖం చూసింది. నా ఉత్సాహం చూసి కాదనలేకపోయిందో ఏమో, "చేసి చూద్దాం. బాగుంటే పేరు నీది, చెడితే మాట నాది" అంది. ఆ రెండో ముక్క నేను సరిగా వినలేదు.

చెక్కతో అచ్చు చేయించాం. దాన్ని ఎర్రటి మిరప నీళ్లలో ముంచి అద్దితే అప్పడం మీద పాదాలు కళకళలాడేవి. అంతలో సింహాద్రిపురం నుంచి ఒక పెద్ద రైతు ఇంటి పెళ్లికి అప్పడాలు కావాలని కబురొచ్చింది. ఆ ఇంటి చుట్టాలు పులివెందుల చుట్టుపక్కల లేని ఊరు లేదు. వాళ్లు మెచ్చితే మా సంఘం నిలబడుతుంది. మెచ్చకపోతే ఆ అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఎవరి పొయ్యి దగ్గరికి వాళ్లం పోవలసిందే. నేను ప్రతి అప్పడానికీ దండం పెట్టుకుని మరీ అచ్చు వేశాను.

అక్కా నేనూ గంపలతో పెళ్లికి వెళ్లాం. నూనెలో పడగానే పాదాలు చెరిగిపోతాయేమోనని నా భయం. చెరగలేదు సరికదా, పొంగాయి! అమ్మవారు కొండ మీద నుంచి నడిచి వచ్చినట్టు, ఎర్రగా ఉబ్బి, మరింత స్పష్టంగా కనిపించాయి. మురిసిపోయాను.

పంక్తిలో మొదటి అప్పడం పెళ్లికొడుకు అవ్వ విస్తట్లో పడింది. ఆమె దాన్ని కళ్లకద్దుకుని, మళ్లీ ఆకులో పెట్టింది. పక్కావిడా అంతే. అట్లా ఆ చివరిదాకా అప్పడాలన్నీ కళ్లకు తగిలాయి. ఒక్కటీ నోటికి తగల్లేదు.

"తినండమ్మా" అన్నాడు పెళ్లికూతురు తండ్రి.

"ఏందప్పా తినేది? తల్లి పాదాలను పండ్ల కింద ఎట్ల వేసుకోవల్ల?" అంది అవ్వ.

"అయితే అది వదిలేసి బువ్వ తినవ్వా."

"ఎంగిలి ఆకులో తల్లిని పెట్టుకుని బువ్వ తినల్లనా? ఇట్లే లేస్తే ఆకు యాడ పారేస్తావు? కుప్పలోనా?"

పంక్తి మొత్తం బిగుసుకుపోయింది. తినడానికి లేదు, లేవడానికి లేదు. రెండో పంక్తివాళ్లు పందిరి గుంజలు పట్టుకుని తొంగి చూస్తున్నారు. వాళ్లలో పెళ్లికొడుకు మేనమామ ఒకాయన, "లోపల ఏంది జరుగుతాండాది? అన్నదానమా, భజనా? నాకు శానా ఆకలిగా ఉండాదప్పా!" అని కేక వేశాడు.

పెళ్లికూతురు తండ్రి ముఖం మా మిరప నీళ్ల రంగుకు వచ్చింది. "ఎవురు చేసినారీ పని?" అన్నాడు. నేను గంప వెనక్కి జరిగాను. గంప ఇంకొంచెం పెద్దదైతే దాంట్లోకే దూరేదాన్ని.

ఓబులమ్మక్క ముందుకు వచ్చింది. "అచ్చు వేయమన్నది నేనే అప్పా" అంది, నా వైపు చూడనైనా చూడకుండా. గంపలో ఇంకా వడ్డించని అప్పడాలను పళ్లెంలోకి తీసి, కల్యాణ వేదిక దగ్గర దేవుని పటం ముందు పెట్టి, కర్పూరం వెలిగించింది. పళ్లెం పట్టుకుని అవ్వ ముందు నిలబడి, అందరికీ వినపడేట్టు చెప్పింది:

"అవ్వా, ఇప్పుడిది ప్రసాదం. ప్రసాదాన్ని ఆకులో వదలకూడదు గదా. మీరెవురూ పాదాలను విరవొద్దు. నేను విరిచి పెడతా. విరిచే పాపం నాది, తినే పుణ్యం మీది."

ఫెళ్లుమని విరిచింది. అవ్వ ముక్క నోట్లో వేసుకుని, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "ఉప్పూ కారమూ సరిగ్గా ఉండాదిమ్మే" అంది. నా జన్మలో అంతకంటే తీయని మాట వినలేదు. పందిరంతా కరకరలాడింది. ఆకుల్లో వేసినవి కూడా అక్క చేతనే విరిపించుకుని, పొడి కూడా వదలకుండా తిన్నారు. రెండో పంక్తికి అప్పడాలు చాలక, మేనమామ మా గంప అడుగు తడుముకున్నాడు.

మేం తిరిగి వచ్చేటప్పుడు పెళ్లికూతురు తండ్రి, "అప్పడాలు బాగున్నాయి. ఇంక మా ఇండ్లన్నిటికీ మీవే. కానీ దేవుండ్లను మాత్రం గుళ్లోనే ఉండనీయండి తల్లీ" అన్నాడు.

శుక్రవారం వచ్చింది. అక్క నన్ను వెళ్లిపొమ్మంటుందని తల దించుకుని కూర్చున్నాను. "ఎవురన్నా కొత్త మాట తెచ్చినారా?" అంటే ఒక్కరూ పలకలేదు. నా గతి చూసి అందరి నోళ్లకూ తాళం పడింది. అక్క, "ఒకరి మాట తప్పిందని అందరూ నోరు మూసుకుంటే, మన సంఘం ఈ పొద్దే మూతబడినట్టు. ఏమ్మే, నువ్వే చెప్పు ముందు" అని నా వైపు తిరిగింది.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ తల్లి రుణం తీర్చుకోవాలని, బాగా ఆలోచించి, "ఈసారి దేవుడి జోలి వద్దక్కా. ఏనుగు తల అచ్చు వేద్దాం" అన్నాను.

ఖాసింబీ ముందు నవ్వింది. తర్వాత అందరూ. ఓబులమ్మక్క కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేక, "వినాయకుని తొండం విరిచే పాపం నా వల్ల కాదుమ్మే!" అని పొర్లి పొర్లి నవ్వింది. ఆ రోజు గిన్నెలన్నీ వాళ్లే కడిగారు, అక్కతో సహా. నేనొక్కదాన్నే మెట్ల మీద కూర్చుని చూశాను. అంతటి భోగం ఇచ్చిన ఆ ఇంటికి, ఆ అక్కకు ఈనాటికీ రోజూ దండం పెట్టుకుంటాను.

చివరికి ఏ బొమ్మా లేకుండా, మా గుర్తుగా అంచుకు సన్నటి గాటు ఒకటి పెట్టి సరిపెట్టుకున్నాం. కానీ మిద్దె మీద ఎండలో పరిచిన ఆ గుండ్రటి అప్పడాలను చూసినప్పుడల్లా, ఒక్కొక్క దాంట్లో నాకు సూర్యభగవానుడు కనిపించేవాడు. ఈ సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్పేశాను, మీరు మరిచిపోండి. ఇక మీదట చెప్పనని ఆ సూర్యుడి మీదే ఒట్టు. చెబితే మళ్లీ పంక్తి లేవదు.