వియన్నాలో ఊకొట్టిన ఎల్లయ్య కాక

దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ తలుపు కాస్త ఓరగా వేయండి. వానకు తడిసి పెరట్లో వెదురు బొంగులు వాసనేస్తున్నాయి. ఈ వాసన తగిలిందంటే నాకు ఎల్లయ్య కాకే వచ్చి పక్కన కూర్చున్నట్టుంటుంది.

కాగజ్‌నగర్‌లో వెదురుతో కాగితం చేసే మిల్లు క్వార్టర్లలో ఆయన మా పక్కింటి ఫిట్టరు. కొత్త మిషను పని నేర్చుకు రమ్మని పంపితే మూడు నెలలు వియన్నాలో ఉండి వచ్చాడు. ఆ ఏడే నా తొలిచూలు బిడ్డ పురిట్లో పోయింది. దాంతో నా నోరు పడిపోయింది. నెలన్నర, ఎవరు పలకరించినా గోడకేసి చూసేదాన్ని. చివరికి మా అత్త, "గీ ఆయితారం దీన్ని తల్లిగారింట్ల దించిరా" అంది కొడుకుతో. అలా దించినవాళ్లను మళ్లీ పిలుచుకొచ్చిన ఇళ్లు తక్కువ.

ఆ సాయంత్రమే కాక, భార్య లచ్చవ్వతో వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"బిడ్డా, సెలవునాడు గా ఊరు చూసిన ముచ్చట చెప్త. నువ్వు ఊ కొట్టాలె. కొట్టకుంటే ఆడనే ఆపుత. పొద్దుగాల ట్రాము ఎక్కిన."

ఆగాడు. నేను పలకలేదు. లేచి వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ అదే ట్రాము. మూడోనాడూ అంతే.

నాలుగోనాడు లచ్చవ్వ ఊరుకోలేదు. "ఇంకా ట్రాములనే ఉంటివి. టికెట్ తీసుకున్నవా లేదా?"

"బిడ్డ ఊ అంటేనే దిగుత."

శనివారం నాడు ఆయనే ఓడిపోయి ట్రాము దిగాడు. రాజుల మేడలు చూశాడు. చర్చి గోపురం మెట్లెక్కి మోకాళ్లు పట్టుకున్నాడు. పొద్దుగూకాక పాటల నాటకానికి వెళ్లాడు.

"ఒకామె పసిబిడ్డ లేని ఖాళీ తొట్టెల పక్కన నిలబడి పాడుతుంది. భాష తెల్వది, ఏడుపు తెల్సింది. జర ఆగింది. గంతమంది ఉన్నరు, ఒక్కరన్న ఊ కొట్టలే. నాకు పానం ఆగలే. గట్టిగ 'ఊఁ' అన్న. హాలంత నా దిక్కే మర్రింది."

"ఇజ్జత్ తీసినవ్" అని లచ్చవ్వ నెత్తి కొట్టుకుంది.

"ఆమె ఏమన్నది?" అన్నాను నేను.

అత్త చేతిలో చేట ఆగిపోయింది. కాక మాత్రం నేను రోజూ మాట్లాడుతున్నట్టే జవాబిచ్చాడు.

"ఏమంటది బిడ్డా. నా దిక్కు చూసింది. మల్ల పాడింది."

మర్నాటి ఆదివారం మా ఇంట్లో ఎవరూ ప్రయాణం మాటెత్తలేదు. ఆ ఖాళీ ఉయ్యాల నిజంగా అక్కడుందో, నాకోసం కాకే తెచ్చి పెట్టాడో నేనెన్నడూ అడగలేదు. కానీ అప్పట్నుంచి ఎవరు కష్టం చెప్పుకున్నా నేను బుద్ధులు చెప్పను. ఊ కొడతాను, అంతే.

ఇంతసేపూ మీరూ నాకు ఊ కొట్టారు. మీ ఇంట్లో ఎవరు నోరు విప్పినా వినే మనిషి ఒకరు పక్కనే ఉండాలి. మీ పిల్లాపాపలు చల్లగుండాలి.