ఓబుళమ్మ చెప్పిన అర్థం

కణేకల్ నుంచి అనంతపురం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఓబుళమ్మ కూలి పనులకు పోతూనే డిగ్రీ చదివింది. ఆ రోజు ఆమెకు ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. నేను ఇంగ్లీషు మాస్టారినని తెలియగానే పుస్తకం తెరిచింది.

"ఇన్ ద నిక్ ఆఫ్ టైమ్ అంటే ఏమన్నా?"

"సరిగ్గా సమయానికి," అన్నాను.

"అది ఆన్ టైమ్ కదన్నా?"

కాకినాడలో ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్నా ఎవరూ నన్నలా నిలదీయలేదు. "ఇంకాస్త ఆలస్యమైతే అంతా పోతుందనగా అందేది," అని సర్దుకున్నాను.

"శెనక్కాయ చేను రేపటికి ఎండిపోతాదనంగా పడే వాన!" అంది వెంటనే. ఆ మాట నా నోట్సులో రాసుకున్నాను.

దిగేముందు నా నంబరు తీసుకుంది. సాయంత్రం ఫోన్ చేసింది.

"ఉద్యోగం వచ్చినాదన్నా! పది నిమిషాలు ఇంగ్లీషులోనే మాట్లాడినా. యాడా ఆగలే!"