వల వేసి కూర్చునే పన్నెండు నిమిషాలు

నెల్లూరులో ఒక జూనియర్ కాలేజీలో లైబ్రేరియన్‌ని నేను. పుస్తకాల కోసం మా లైబ్రరీకి వచ్చేవాళ్లు తక్కువ. వికీలో వ్యాసం రాయడం నేర్పండి సార్ అని వచ్చేవాళ్లు మాత్రం ఉంటారు. వాళ్లలో సగం మందికి ఏదో ఒక వీడియో గేమ్ గురించే రాయాలని ఉంటుంది. సరే, రాయండి, ఎవరు వద్దన్నారు? బోర్డు మీద వరుసగా రాసి చూపిస్తాను. పైన ప్రవేశిక. పక్కన సమాచారపెట్టె, అందులో ఎవరు తయారు చేశారు, ఎప్పుడు విడుదలైంది, ఎందులో ఆడొచ్చు. కింద ఆడే తీరు, కథ, తయారీ, విడుదల, స్పందన. చివర మూలాలు. 'ఆడే తీరు'లో "ఇక్కడ దూకండి, అక్కడ దాక్కోండి" అని రాస్తే అది గైడు అవుతుంది, వ్యాసం కాదు. కథ ఎంత పెద్దదైనా నాలుగు పేరాల్లో తేల్చెయ్యాలి. అచ్చులో ఎవరూ అనని మాట మీ సొంతంగా అనకూడదు.

'స్పందన' దగ్గరికి వచ్చేసరికి నా నోరు కాస్త తడబడుతుంది. మెచ్చుకున్నవాళ్ల మాటా రాయాలి, తప్పు పట్టినవాళ్ల మాటా రాయాలి అని గబగబా చెప్పేసి మూలాలకి వెళ్లిపోతాను. ఆ విభాగాన్ని ఎలా రాయకూడదో నాకంటే బాగా తెలిసినవాడు జిల్లాలో ఉండడు. పిల్లలకి చెప్పడానికి సిగ్గు. ఇక్కడైనా చెప్పాలి.

మా అక్క జువ్వలదిన్నెలో ఉంటుంది. బావ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. పెళ్లికి ముందు అక్క చెన్నైలో వీడియో గేములు తయారు చేసే కంపెనీలో బొమ్మలు వేసేది. ఉద్యోగం మానేసి వచ్చినా చేతులు ఊరుకోలేదు. ఇంట్లో కూర్చుని, ఒక్కతే, నాలుగేళ్లు కష్టపడి ఫోన్లో ఆడే ఆట ఒకటి తయారు చేసింది. ఆటంతా ఒక పడవ. హార్బరు నుంచి బయల్దేరాలి, నీళ్ల రంగు చూసి చేప ఎక్కడుందో పసిగట్టాలి, వల వెయ్యాలి, గాలి తిరగకముందే ఒడ్డు చేరాలి. తుపాకులు లేవు, తరుముకోవడాలు లేవు.

వల వేశాక పన్నెండు నిమిషాలు ఆ ఆటలో ఏమీ జరగదు. ఇంజన్ ఆగుతుంది. పడవ ఊగుతూ ఉంటుంది. పడవలో ఇద్దరు మనుషులు కూతురి పెళ్లి గురించో, కూరలో ఉప్పు గురించో రెండు మాటలు మాట్లాడుకుని మళ్లీ ఊరుకుంటారు. ఆ చప్పుళ్ల కోసం అక్క నిజంగానే సముద్రం మీదికి వెళ్లింది. ఆడమనిషి పడవెక్కితే ఒప్పుకోని వాళ్లని బావ బతిమాలి ఒప్పించాడు. వాంతులు చేసుకుంటూ, మళ్లీ మళ్లీ వెళ్లి, రికార్డు చేసుకొచ్చింది. ఓపిక లేనివాళ్ల కోసం తెర మూలన చిన్న బటన్ పెట్టింది. అది నొక్కితే నేరుగా వల లాగే చోటికి పోవచ్చు.

విడుదలకి ముందు ఆటని నాకు పంపి ఫోన్ చేసింది.

"ఒరే, మిగతాదంతా నాకు ధైర్యమే. ఆ పన్నెండు నిమిషాలు ఉంచేదో తీసేదో తెలీడం లేదు. అది లేకపోతే ఈ ఆట చేసిందే దండగ అనిపిస్తాది. ఉంటే జనం తిడతారేమో అని భయం. నువ్వు కూర్చోని ఆడి చెప్పు. నువ్వు ఎట్ట చెప్తే అట్ట."

"అట్టనే అక్కా" అన్నాను. ఆడాను కూడా. వల వేసేదాకా బాగానే ఆడాను. పడవ ఆగింది, నేను బటన్ నొక్కాను. మర్నాడు మళ్లీ ఆడాను, మళ్లీ నొక్కాను. ఆ రోజుల్లో కాలేజీలో పని ఎక్కువగా ఉందని సాకు చెప్పొచ్చు. అబద్ధం. కావలసినంత తీరిక ఉంది. ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు, అంతే. మూడో రోజు ఫోన్ చేసి "బాగుందక్కా, ఉంచు" అన్నాను. ఆమె సంతోషం గొంతులోనే తెలిసిపోయింది. ఉంచింది.

ఆట కొంచెం పేరు తెచ్చుకుంది. చెన్నై వాళ్ల వెబ్‌సైట్ ఒకటి మెచ్చుకుంటూ రాసింది. ఒక పత్రిక జిల్లా పేజీలో అక్క ఫోటో వేసింది. నాకు సంతోషమే. కడుపుమంట కూడా, దాచడమెందుకు? ఏళ్ల తరబడి ఊళ్ల గురించి, చెరువుల గురించి, రైల్వే స్టేషన్ల గురించి వికీలో రాస్తూనే ఉన్నాను, మా ఇంట్లో ఒక్కరూ ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. అక్క ఫోటో మాత్రం అమ్మ కత్తిరించి బైబిల్లో పెట్టుకుంది. అయినా అక్క ఆట మీద వ్యాసం మొదలుపెట్టింది నేనే. సొంతవాళ్ల గురించి రాయకూడదని వికీలో నియమం ఉంది. కొత్తవాళ్లకి ఆ నియమం చెప్పేది కూడా నేనే. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నన్నెవరు పట్టుకుంటారులే అనుకున్నాను.

వ్యాసం చక్కగా కుదిరింది. ఆడే తీరు మూడు పేరాలు, తయారీ రెండు, ప్రతి వాక్యానికీ మూలం. రెండు వారాలు తిరక్కుండానే, నేనెన్నడూ చూడని తోటి సంపాదకుడొకాయన వ్యాసం నెత్తిన ఒక హెచ్చరిక పట్టీ తగిలించాడు. ఇది వ్యాసంలా లేదు, ప్రకటనలా ఉంది అని. స్పందనలో అన్నీ పొగడ్తలే ఉన్నాయి, విమర్శ ఎక్కడ అని చర్చ పేజీలో అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. నాకు మాత్రం దొంగకి తేలు కుట్టినట్టయింది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా చర్చి సంఘానికి మొదట నాన్న కార్యదర్శి, ఆయన తర్వాత నేను. క్రిస్మస్‌కో కోతపండుగకో ఎవరు పాడారు, ఎవరు ఏమి తెచ్చారు అని ఆ తర్వాతి ఆదివారం కార్యదర్శి నివేదిక చదవాలి. అందులో సొంతింటి వాళ్ల మాట వచ్చినప్పుడు గొంతు తగ్గించి, ఒక లోపం కూడా కలిపి చదవడం మా దగ్గర వాడుక. మనోళ్లని మనమే పొగిడితే జనం నవ్వుతారు అనేవారు నాన్న. అక్క పదో తరగతిలో ఉండగా క్రిస్మస్‌కి ఒంటరిగా పాట పాడింది. అందరూ మెచ్చుకున్నారు, ఇంట్లో నాన్న కూడా. తర్వాతి ఆదివారం నాన్న లేచి "పాట పరవాలేదు, రెండో చరణంలో శ్రుతి తప్పింది" అని చదివారు. అక్క మళ్లీ ఒంటరిగా పాడలేదు. ఇదంతా పక్క బల్ల మీద కూర్చుని చూసినవాణ్ణి నేను. చూసి నేర్చుకున్నది ఏమిటంటే, అదే పని చెయ్యడం.

విమర్శ కావాలి. విమర్శించినవాళ్లు లేరు. ఒక వెబ్ పత్రికలో నేను అప్పుడప్పుడూ మారుపేరుతో పుస్తక సమీక్షలు రాస్తుంటాను. ఆ నెల అక్క ఆట మీద రాసి పంపాను. ఆట మొత్తంలో తప్పు పట్టడానికి నాకు దొరికింది ఒక్కటే, అక్క భయపడిన ఆ చోటే. అక్కడే పొడిచాను. "వల వేశాక వచ్చే సుదీర్ఘ నిరీక్షణ ఆటగాడి సహనానికి పరీక్ష. ఆ భాగం లేకపోతే ఈ ఆట ఇంకా బాగుండేది" అని రాశాను. ఎంత దర్జాగా రాశానో ఇప్పుడు చదివితే ఒళ్లు మండుతుంది. ఆ పన్నెండు నిమిషాల్లో ఒక్క నిమిషం కూడా చూడనివాడు రాసిన మాట అది. సమీక్ష అచ్చయింది. దాన్నే మూలంగా చూపించి స్పందన విభాగంలో పెట్టాను. కంచే చేను మేసింది.

అంతటితో ఆగినా బాగుండేది. ప్రవేశికలో వ్యాసం మొత్తం సారం రావాలని నియమం. స్పందనలో విమర్శ ఉన్నప్పుడు ప్రవేశికలోనూ ఒక వాక్యం ఉండాలి కదా. నియమాల మనిషిని నేను! పైన నాలుగో వాక్యంగా దాన్ని ఎక్కించాను. పట్టీ తీసేశారు. వ్యాసం ఇప్పుడు సమతూకంగా ఉందని ఆ సంపాదకుడు మెచ్చుకున్నాడు. ఆ పూట అన్నం ఒక ముద్ద ఎక్కువే తిన్నాను.

ఆట పేరు కొట్టి వెతికితే ముందు కనపడేది వికీ ప్రవేశికే. అందరికీ అదే కనపడింది. అక్కకీ కనపడింది. ఫోన్ చేసినప్పుడు నా మీద కోపం లేదు. వ్యాసం నేనే రాశానని ఆమెకి తెలుసు, ఆ సమీక్ష ఎవరిదో మాత్రం తెలియదు.

"నువ్వు ఉన్నది ఉన్నట్టు పెట్టినావు, మంచి పనే. ఎవురో గానీ బాగా ఆడిన మనిషే రాసినట్టుండాడు రా. నేను యాడ భయపడినానో సరిగ్గా ఆడనే పట్టుకున్నాడు."

"ఒక్కడు రాసిందానికి ఏందిలే అక్కా" అన్నాను.

"ఒక్కడే గానీ, నా మనసులో ఉన్నిందే గదా" అంది.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది. మింగేశాను. నెల తిరక్కుండా ఆటకి కొత్త అప్‌డేట్ వచ్చింది, అందులో ఆ పన్నెండు నిమిషాలు లేవు. పత్రికవాళ్లు మళ్లీ వచ్చి అడిగితే, విమర్శ చూసి ఆ భాగం తీసేశానని అక్క చెప్పింది. అది అచ్చయింది. ఇంకెవరో దాన్ని తెచ్చి వ్యాసంలో 'విడుదల' కింద మూలంతో సహా చేర్చారు. విమర్శల నేపథ్యంలో రూపకర్త నిరీక్షణ భాగాన్ని తొలగించారు అని. సమీక్షలో నేను రాసింది అబద్ధం. ఈ వాక్యం మాత్రం నిజం. గబగబా నా సమీక్ష వాక్యాన్ని వ్యాసంలోంచి తీసేశాను. గంటలో ఆ సంపాదకుడు తిరిగి పెట్టేశాడు. మూలం ఉన్న వాక్యాన్ని కారణం చెప్పకుండా తీసెయ్యకండి అని ఒక ముక్క కూడా రాశాడు. కారణం నా దగ్గర ఉంది. రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ తర్వాత ఒకరోజు బావ ఏదో ఇంజన్ సామాను కొనడానికి నెల్లూరు వచ్చి మా ఇంట్లో భోజనం చేశాడు. మాటల్లో అన్నాడు, హార్బరులో టీ బంకు దగ్గర మా వోళ్లు ఆ ఆటలో ఆ ఒక్క ముక్కే పెట్టుకునేవాళ్లు అని. బల్ల మీద ఫోన్ పెట్టి, ఆ ఇద్దరి మాటలు వింటూ, టీ తాగేవాళ్లంట. కొందరు ఇప్పటికీ అప్‌డేట్ చేసుకోకుండా పాతదే ఉంచుకున్నారంట.

"మీ అక్కకి చెప్పినా" అన్నాడు. "వాళ్లు మనోళ్లు, అట్టనే అంటారు అనింది. ఇంకో ఆట మొదులుపెట్టింది గదా, దాన్ని గూడా మూసి పెట్టేసింది. నాకేది బాగుంటాదో నాకే తెలీడం లేదు అంటాది."

ఆ మాట విన్నాక ఇంక దాచలేకపోయాను. అక్కకి చెప్పిన తర్వాత చర్చ పేజీలో కూడా అంతా రాసి నా తప్పు ఒప్పుకున్నాను, వికీ వాళ్లు ఆ సమీక్షని వ్యాసంలోంచి తీసేశారు, ఆ వ్యాసాన్ని నేను ముట్టుకోకూడదన్నారు. అది చిన్న సంగతి. ముందు అక్కకి చెప్పాలి.

ఆదివారం ఆరాధన అయ్యాక బండి మీద బిట్రగుంట మీదుగా జువ్వలదిన్నె వెళ్లాను. అక్క వసారాలో పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. చెప్పులు కూడా విప్పకుండా చెప్పేశాను, ఆగితే మళ్లీ మింగేస్తానని.

"అక్కా, ఆ సమీక్ష రాసింది నేనే. మారుపేరుతో."

తల ఎత్తి చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. తనే నా కోసం ఒక కారణం వెతికింది.

"మొహం మీద చెప్పలేక ఆ రోజు ఉంచమన్నావా? సరేలే. నాయన పోలిక నీది, ఇంట్లో ఒకటి, బయట ఒకటి. నీకు నిజంగా విసుగు పుట్టింటే పుట్టినట్టే. నువ్వు ఊరకే రాసే మనిషివి కాదు గదా."

అక్కడ ఊరుకుంటే నేను బయటపడిపోయేవాణ్ణి. ఆమె నాకు దారి కూడా చూపించింది. అంత మంచితనం ముందు ఆ దారిన నడవడానికి నాకు కాళ్లు రాలేదు.

"విసుగు పుట్టలేదక్కా. నేను చూడనే లేదు. పడవ ఆగినప్పుడల్లా బటన్ నొక్కేసినా. ఉంచమని చెప్పినప్పుడూ చూడలేదు, తీసెయ్యమని రాసినప్పుడూ చూడలేదు."

చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది. అరుస్తుందేమోనని కాచుకున్నాను. మెల్లగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"పన్నెండు నిమిషాలు గదా రా. నా కోసం పన్నెండు నిమిషాలు కూర్చోలేకపోయినావా?"

లేదక్కా, కూర్చోలేకపోయినా అన్నాను.