చూసి చెప్పిన జవాబు

ముప్పయ్యేళ్లు రాయదుర్గం బడిలో తెలుగు సంధులు చెప్పినదాన్ని. రిటైరయ్యాక ఆన్‌లైన్‌లో ప్రాచీన గ్రీకు మొదలుపెట్టినప్పుడు, అచ్చులు కలవడం నాకో లెక్కా అనుకున్నాను. పొగరు.

క్రియల పాఠం వచ్చేసరికి అది దిగిపోయింది. నిఘంటువులో 'తిమావో' అని ఉంటుంది, గౌరవిస్తానని అర్థం. వాక్యంలోకి వస్తే చివరి అచ్చులు కలిసిపోయి 'తిమో' అవుతుంది. అలాంటివి పేజీ నిండా ఉంటే ఏది దేన్నుంచి వచ్చిందో పోల్చుకోవడం నావల్ల కాలేదు. క్లాసులో కుర్రవాళ్లు టకటకా చెప్పేస్తుంటే తల కొట్టేసినట్టుండేది. అందుకని పోయిన ఆదివారం జవాబులన్నీ చీటీ మీద రాసి ల్యాప్‌టాప్ తెర అంచుకు అంటించుకున్నాను. టీచరు అడిగిన ఐదు ప్రశ్నలకు ఐదూ చెప్పాను.

"చాలా బాగా చెప్పారు మేడమ్. ఎలా గుర్తుపట్టారో అందరికీ వివరించండి," అంది టీచరు. నా కూతురి కన్నా చిన్నది.

"కరెంటు పోయిందమ్మా," అని ల్యాప్‌టాప్ మూసేశాను. నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

వెనక్కి చూస్తే, గుమ్మంలో నేను కుట్టడానికిచ్చిన జాకెట్లు పట్టుకుని, ఒకప్పుడు మా బడిలో నా దగ్గర చదివిన పిల్ల. పిల్లేమిటి, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. వారమంతా జీన్స్ యూనిట్లో కుట్టి, సెలవురోజు మా వీధివాళ్ల జాకెట్లు కుడుతుంది. తొమ్మిదో తరగతిలో నా పరీక్షకు అరచేతిలో సంధులు రాసుకొచ్చి దొరికిపోయింది. ఆ చెయ్యి చాపించి, బడి వదిలేదాకా వరండాలో నిలబెట్టాను. అటుగా పోయిన ప్రతి తరగతీ చూసి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత నా క్లాసులో ఆ పిల్ల నోరు విప్పలేదు.

ఫ్యాను వంక చూసింది. చీటీ వంక చూసింది. జాకెట్లు కుర్చీలో పెట్టి, "నేనెవురికీ చెప్పనులే మేడమ్," అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నా పరువు కాపాడాలనుకుంది.

సిగ్గుతో నా మొహం కాలిపోయింది. "ఉండు," అని మళ్లీ క్లాసు తెరిచాను.

"కరెంటు పోలేదమ్మా. నేను చీటీ చూసి చెప్పినాను," అన్నాను, అందరికీ వినబడేలా. టీచరు పర్వాలేదంది.

ఆ పిల్ల అంతా విని, "పోయొస్తా మేడమ్," అని బయల్దేరింది. ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు ఒప్పుకోగలిగాను. వరండా సంగతి ఈమెతో ఎత్తాలని గేటు దాకా వెంట నడిచాను. తీరా అక్కడికి పోయాక, జాకెట్ చేతులు కాస్త బిగుతు చేయమని చెప్పి లోపలికి వచ్చేశాను.