విరగని పిన్ను

డీజిల్‌తో కడిగిన ఇనుము వాసన తగిలితే చాలు, నాకు మస్తాన్ మేస్త్రీగారు గుర్తొస్తారు. ఆటోనగర్‌లో బస్సులకు బ్రేకులు చేసే షెడ్డు ఆయనది. డిప్లొమా చేసి, అన్నీ నాకే తెలుసన్న పొగరుతో అక్కడ చేరినవాణ్ణి నేను. బ్రేకు రాడ్డు ఊడిపోకుండా అడ్డంగా గుచ్చే చిన్న పిన్నులను ఒకసారి విప్పితే మళ్ళీ వాడకూడదన్నది, వాడితే విరుగుతాయన్నది ఆయన పద్ధతి. విప్పినవన్నీ పళ్ళెంలో వేయాలి. అవి చూసుకున్నాకే బండిని వదిలేవారు. నాకు అదంతా చాదస్తంగా తోచేది.

ఒక శుక్రవారం ఆయన నమాజుకు వెళ్ళారు. మంగళగిరి వెళ్ళాల్సిన బడిపిల్లల బస్సు, తొందరపెడుతున్న డ్రైవరు. మార్చాల్సినవి ఎనిమిది, కొత్త పిన్ను ఒకటి తక్కువైంది. పాతదాన్నే సుత్తితో సాపు చేసి గుచ్చేశాను. బస్సు వెళ్ళాక మేస్త్రీగారు వచ్చి పళ్ళెం చూశారు.

"ఏడే ఉన్నాయేంది అబ్బాయ్?"

చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. డ్రైవరు ఫోన్ ఎత్తడం లేదు. నన్ను స్కూటరెక్కించుకుని వారధి మీదుగా దౌడు తీయించారు. దారిలో ఒక కొట్టు దగ్గర కొత్త పిన్ను కొని, మళ్ళీ "యా అల్లా" అని గొణుగుతూ నడిపారు.

మంగళగిరి పొలిమేరలో బస్సును ఆపాం. లోపల పిల్లలు పాటలు పాడుతున్నారు. కిందికి దూరి చూస్తే పిన్ను చెక్కుచెదరలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. కొత్తది గుచ్చి, "ఏదో ఒకటి చెప్పి పంపించేద్దామండీ" అన్నాను. ఆయన వింటేనా! టీచరమ్మనూ డ్రైవరునూ పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేశారు. "నా షెడ్డులో జరిగిందమ్మా, తప్పు నాదే." ఆవిడ ఏడ్చినంత పని చేసింది. డ్రైవరు నోటికొచ్చినట్టు తిట్టాడు. పిల్లల పాటలు ఆగిపోయాయి. ఆ బడి బస్సులు మళ్ళీ మా గడప తొక్కలేదు.

తిరిగొస్తూ ఉండబట్టలేక అడిగేశాను. "ఇవాళ ఎవరైనా బాధపడ్డారంటే మీరు చెప్పబట్టే కదండీ! చెప్పకపోతే అందరూ హాయిగా ఉండేవాళ్ళు. మరి నేను చేసిందాంట్లో తప్పేముంది?"

ఆయన స్కూటరు ఆపారు. "ఇరిగితే తప్పు, ఇరగకపోతే ఒప్పా? ఇరిగేదీ ఇరగందీ నీ చేతిలో లేదు. నీ చేతిలో ఉన్నకాడికి ఏం చేశావో అది చెప్పు."

సుఖం కలిగితే మంచి, బాధ కలిగితే చెడు అనుకునేవాణ్ణి. మేం ఆపేదాకా ఆ బస్సు నిండా సంతోషమే, అయినా నేను చేసింది వెధవ పనే.

ఆయన పోయారు. ఇప్పుడు నాకూ ఒక షెడ్డుంది. మొన్న ఒక డ్రైవరు కూచిపూడి వెళ్ళొచ్చి, "బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయండీ" అన్నాడు. బండి కిందికి దూరి చూస్తే, నేను బిగించడం మరిచిన నట్టు కనబడింది. బిగించి, బయటికొచ్చి, చెప్పేశాను. అతని మొహంలో నవ్వు ఆరిపోవడం కళ్ళారా చూశాను. బాధేసింది. చెప్పినందుకు మాత్రం కాదు.